ఇనుప కొండకు దారి చూపిన బోస్

2024 ఆగస్టు 9వ తేదీన కేంద్ర మంత్రివర్గం ఎనిమిది కొత్త రైలు మార్గాలకు ఆమోదముద్ర వేసింది. మొత్తం అంచనా వ్యయం 24,657 కోట్ల రూపాయలు. ఒడిశాలోని మల్కనగిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు వేయదలచిన 173 కిలోమీటర్ల దారి ఆ జాబితాలో ఉన్నందువల్ల మన పత్రికలన్నీ సహజంగా దానినే పెద్ద అక్షరాలలో ప్రకటించాయి. భద్రాద్రికి రైలు రావాలన్నది మన వారి చిరకాల వాంఛ. కనుక ఆ శీర్షికలను ఆక్షేపించవలసిన పని లేదు. అయితే అదే జాబితాలో మయూర్‌భంజ్ జిల్లాకు చెందిన రెండు పేర్లు కూడా ఉన్నాయి. ఒకటి బాంగిరిపోసి - గోరుమహిసాని మార్గం. రెండవది బాదంపహాడ్ - కేందుఝర్‌గఢ్ మార్గం. వీటి మీద చూపు నిలిపిన తెలుగు పాఠకులు బహు కొద్దిమంది అయి ఉంటారు.

గోరుమహిసాని ఒక ఇనుప కొండ. ఆ కొండ సంగతి 1904లో ఒక మనిషి ఉత్తరం రాసి తెలియజేయకపోతే జంషెడ్‌పూర్ నగరం ఇప్పుడున్న చోట వెలిసి ఉండేది కాదు. ఆ మనిషే మన విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖనిజం అందించే బైలదిల్లా కొండలను గురించి కూడా పందొమ్మిదవ శతాబ్దం ముగిసే రోజులలోనే ప్రభుత్వ దస్త్రాలలో రాసిపెట్టారు. భిలాయి కర్మాగారాన్ని పోషించిన ధల్లీ - రాజహరా కొండలను గుర్తించినదీ ఆయనే. మూడు మహా కర్మాగారాల పునాదులలో ఒకే వ్యక్తి అడుగుజాడలు కనిపించడం ఏ దేశ చరిత్రలోనైనా అరుదు. ఆయన పేరు ప్రమథనాథ బోస్. వంగదేశంలో బోసులకు కొదవ లేదు. సుభాష్ చంద్రుని, జగదీశ్ చంద్రుని, సత్యేంద్రనాథుని మనం బాగా ఎరుగుదుము. ఈ బోస్ మాత్రం కలకత్తాలోనూ జంషెడ్‌పూర్‌లోనూ ప్రసిద్ధుడై, మన వైపు మాత్రం పరిచయం లేకుండా ఉండిపోయారు.

కలకత్తా నుండి లండన్‌కు

ప్రమథనాథ బోస్ 1855 మే 12న ఇరవై నాలుగు పరగణాలలో గోబర్‌డంగా దగ్గరి గైపూర్ గ్రామంలో జన్మించారు. కృష్ణనగర్ కళాశాలలోనూ, కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ చదివి, 1874లో గిల్‌క్రిస్ట్ విద్యార్థి వేతనం సంపాదించి లండన్ వెళ్ళారు. ఆనాడు సీమకు పోయిన మన యువకులలో అత్యధికులు న్యాయశాస్త్రం కోసమో, సివిల్ సర్వీసు కోసమో పోయినవారే. బోస్ విజ్ఞాన శాస్త్రంలో పట్టం పుచ్చుకుని, ఆ తరువాత రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో భూగర్భ శాస్త్రం అభ్యసించారు. 1880లో భారత భూగర్భ సర్వేలో ఉద్యోగం లభించింది. ఆ సంస్థ ఉన్నత శ్రేణిలో ప్రవేశించిన తొలి భారతీయులలో ఆయన ఒకరు.

సర్వే ప్రధాన కార్యాలయం కలకత్తా చౌరంగీలో, ఇండియన్ మ్యూజియం పక్కన ఉండేది. ఆ వీధి ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు. కార్యాలయం ఇప్పటికీ అక్కడే ఉన్నది. కోల్‌కతా వెళ్ళిన సందర్భాలలో ఆ ముంగిట నేను ఒకటి రెండు సార్లు నిలబడి చూశాను. నూట నలభై ఏళ్ళనాడు ఆ మెట్లు ఎక్కి, తన కన్న చిన్నవాడైన తెల్లదొరకు కూడా నివేదికలు సమర్పించుకోవలసి వచ్చిన బెంగాలీ యువకుని మనోభావాలు ఎలా ఉండేవో ఊహించడం కష్టం కాదు.

1882లో ఆయన రమేశ చంద్ర దత్ కుమార్తె కమలను వివాహమాడారు. దత్ ఆ తరువాత 1899లో కాంగ్రెస్ అధ్యక్షులైనవారు. బ్రిటిష్ పాలనలో భారతదేశ ఆర్థిక చరిత్రను రచించి, ఈ దేశపు సంపద ఏయే దారుల వెంట తరలిపోతున్నదో లెక్కలు కట్టి చూపినవారు. మామగారు దేశం నుండి పోతున్నదాని లెక్క కట్టారు. అల్లుడు దేశంలో ఉన్నదాని లెక్క కట్టారు. ఆ రెండు లెక్కలూ ఒక ఇంటిలోనే సాగడం గమనింపదగిన విశేషం.

దస్త్రాలలో నిద్రించిన ఇనుము

ఇరవై మూడేళ్ళ ఉద్యోగ జీవితంలో బోస్ నర్మదా లోయ నుండి సిక్కిం వరకు నడిచారు. డార్జిలింగ్ ప్రాంతపు బొగ్గును గురించి, జబల్పూర్ ఇనుమును, మాంగనీసును గురించి నివేదికలు వెలువరించారు. 1887లో నాటి రాయపూర్ జిల్లా పశ్చిమ భాగంలోని ఇనుప పరిశ్రమను గురించి రాశారు. తరువాత దుర్గ్ జిల్లాగా ఏర్పడిన ఆ సీమలోనే ధల్లీ - రాజహరా కొండలున్నవి. ఆ అడవులలో గిరిజనులు తరతరాలుగా మట్టి కొలిములలో ఇనుము తీసుకుంటూనే ఉన్నారు. మన నిర్మల్, కోనసముద్రం ప్రాంతాల ఉక్కు ఒకనాడు పశ్చిమాసియా కత్తులకు పేరు తెచ్చిన సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. అనగా దేశంలో ఇనుము ఉన్నదని కనిపెట్టడానికి బోస్ అక్కరలేదు. ఎంత ఉన్నది, ఎంత మేలైనది, పెద్ద కొలిమికి అది చాలునా అని తేల్చి చెప్పడానికి ఆయన అవసరం కలిగింది.

తేల్చి చెప్పినంత మాత్రాన కొలిమి వెలగదు. పందొమ్మిదవ శతాబ్దమంతా మన దేశంలో రైలు మార్గాలు వేలాది మైళ్ళు సాగాయి. వాటి పట్టాలు మాత్రం ఓడలలో ఇంగ్లండు నుండి దిగుతూ వచ్చాయి. బరాకర్ నది దగ్గర కుల్టీలో 1870లలో మొదలైన ఇనుప కార్ఖానా ఒడిదుడుకుల మధ్య బతికింది గాని, పట్టాలు చేసే స్థితికి రాలేదు. గని హక్కుల నిబంధనలు సైతం దేశీయ పెట్టుబడిదారునికి అనుకూలించేవి కావు. 1899లో కర్జన్ ప్రభుత్వం వాటిని సడలించిన తరువాతనే జంషెట్‌జీ టాటా తన ఉక్కు ఆలోచనను మళ్ళీ చేపట్టారు. ఆయన కుమారుడు దొరాబ్జీ నాగపూర్‌లో ఒక మ్యూజియంలో భూగర్భ పటం చూసి, దుర్గ్ వైపు ఇనుము గుర్తులు గమనించి, అమెరికన్ నిపుణుడు వెల్డ్‌ను వెంటబెట్టుకుని ధల్లీ - రాజహరాకు వెళ్ళిన కథ ప్రసిద్ధమైనది. ఆ గుర్తుల వెనుక ఉన్నది బోస్ సర్వేయే. ఇనుము అక్కడ పుష్కలంగా ఉన్నది గాని, దానిని కరిగించదగిన బొగ్గు బహుదూరం.

ఒక రాజీనామా, ఒక ఉత్తరం

1903లో సర్వే డైరెక్టర్ పదవి ఖాళీ అయింది. సర్వీసులో బోస్‌కు పదేళ్ళు చిన్నవాడైన థామస్ హాలండ్‌ను ఆ పదవిలో నియమించారు. హాలండ్ అసమర్థుడేమీ కాదు, శాస్త్రజ్ఞుడుగా పేరున్నవాడే. అయితే భారతీయుడు భారత భూగర్భ సర్వేకు అధిపతి కావడమన్నది ఆనాటి ప్రభుత్వానికి ఊహకు అందని విషయం. బోస్ వాగ్వివాదాలకు దిగలేదు. ఉద్యోగం వదులుకున్నారు. తరువాత మయూర్‌భంజ్ సంస్థానంలో ఖనిజాన్వేషణకు కుదురుకున్నారు. ఆ సంస్థానాధిపతి శ్రీరామచంద్ర భంజ్‌దేవ్ విద్యావంతుడు, తన రాజ్యానికి రైలు, రోడ్డు కావాలని తపించినవాడు.

అక్కడ గోరుమహిసాని కొండ బోస్ కంటపడింది. 1904 ఫిబ్రవరి 24న ఆయన జంషెట్‌జీ టాటాకు ఉత్తరం రాశారు. దాని సారాంశం రెండు ముక్కలు. మయూర్‌భంజ్‌లో మేలి రకపు ఇనుప ఖనిజం విస్తారంగా ఉన్నది. ఝరియా బొగ్గు దానికి అందుబాటులో ఉన్నది. మూడు నెలలు గడవకముందే, మే 19న జంషెట్‌జీ జర్మనీలో మరణించారు. ఉత్తరం మాత్రం వృథా కాలేదు. మరుసటి ఏడు దొరాబ్జీ బృందంలోని అమెరికన్లు పెరిన్, వెల్డ్ గోరుమహిసాని ఎక్కి చూసి, బోస్ చెప్పినదానిలో అతిశయోక్తి లేదని నిర్ధారించుకున్నారు. మహారాజు సులభమైన షరతుల మీద గనులను కౌలుకిచ్చారు.

ఈ ఉత్తరం విలువ తెలియాలంటే కొలిమి లెక్క ఒకటి గ్రహించాలి. ఒక టన్ను దుక్క ఇనుము తీయడానికి సుమారు టన్నున్నర నుండి రెండు టన్నుల ఖనిజం, దానికి తీసిపోని బొగ్గు, కొంత సున్నపురాయి, మిక్కిలి నీరు కావాలి. వీటిలో ఏది దూరమైనా ఆ భారమంతా రైలు కిరాయి రూపంలో ఇనుము ధర మీద పడుతుంది. కనుక కర్మాగారం స్థలాన్ని నిర్ణయించేది ఖనిజం ఒక్కటే కాదు. ఖనిజానికీ బొగ్గుకూ మధ్య సాగే దారి దానిని నిర్ణయిస్తుంది. టాటాలు మొదట మహానది తీరాన పద్మపూర్‌ను, ఆ పిమ్మట సీనీని పరిశీలించారు. కడకు సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట సాక్చి గ్రామాన్ని ఎంచుకున్నారు. కలకత్తా - నాగపూర్ ప్రధాన మార్గంలోని కాలిమాటి స్టేషన్ దానికి దగ్గరలోనే ఉన్నది. బొగ్గు ఉత్తరం నుండి వస్తుంది. ఖనిజం దక్షిణం నుండి రావాలి. అందుకు గోరుమహిసాని వరకు ఒక శాఖా మార్గం కావాలి.

నలభై మైళ్ళ దారి

ఆ మార్గాన్ని వేసినది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ కంపెనీ పేరు వింటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వృద్ధులకు ఇప్పటికీ ఇంటి మనిషి పేరు విన్నట్లే ఉంటుంది. బి.ఎన్.ఆర్. కొలువుల కోసం ఖరగ్‌పూర్ చేరి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలకొద్దీ ఉన్నవి. కంపెనీ ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్‌లో హుగ్లీ ఒడ్డున ఉండేది. ఇప్పుడు అది ఆగ్నేయ రైల్వే కేంద్ర స్థానం.

కాలిమాటి నుండి బయలుదేరిన ఆ దారి సింగ్‌భూమ్ మైదానం మీదుగా హలుద్‌పుకుర్ దాటి, మయూర్‌భంజ్ సంస్థానపు సరిహద్దులో ప్రవేశించి, గోరుమహిసాని పాదం చేరేసరికి సుమారు నలభై మైళ్ళు. తరువాత మరో శాఖ రాయ్‌రంగ్‌పూర్ మీదుగా బాదంపహాడ్ గనులకు సాగింది. మన ఇల్లందు బొగ్గు కోసం 1880ల చివర డోర్నకల్ నుండి వేసిన చిన్న శాఖ ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఊళ్ళను కలపడానికి పుట్టిన దారి కాదు. గని నోటి నుండి కొలిమి నోటికి పుట్టిన దారి.

మహారాజు తన వంతుగా వేసుకున్న దారి వేరొకటి ఉన్నది. మద్రాసు - హౌరా మార్గంలో బాలాసోర్ దాటిన తరువాత రూప్సా అనే స్టేషన్ వస్తుంది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం చేసే మనవారు దానిని గమనించరు. అక్కడి నుండి సంస్థాన రాజధాని బారిపద వరకు రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న రైలును 1905లో నడిపించారు. దూరం 32 మైళ్ళు. 1920 నాటికి అది బాంగిరిపోసి మీదుగా తాల్‌బంద్ వరకు సాగింది. తూర్పు నుండి రాజుగారి రైలు, పడమటి నుండి టాటాల ఖనిజం రైలు ఒకే సంస్థానంలో ప్రవేశించి, నడుమ కొండలు అడ్డుండగా ఒకదాని నొకటి కలుసుకోకుండానే ఆగిపోయాయి. 2024లో మంత్రివర్గం ఆమోదించిన 85 కిలోమీటర్ల బాంగిరిపోసి - గోరుమహిసాని మార్గం సరిగ్గా ఆ నడిమి ఖాళీని పూడ్చవలసినది. ఖాళీ వయస్సు నూరేళ్ళకు పైమాటే.

ఖనిజం దారి మాత్రం ఆలస్యం కాలేదు. 1907లో స్వదేశీ ఉద్యమపు వేడిలో టాటా ఉక్కు కంపెనీ వాటాలు ప్రకటించగా, సుమారు ఎనిమిది వేలమంది భారతీయులు మూడు వారాలలో రెండు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలకు పైగా మూలధనం సమకూర్చారు. ప్రభుత్వం ఏటా ఇరవై వేల టన్నుల పట్టాల చొప్పున పదేళ్ళపాటు కొంటానని మాట ఇచ్చింది. 1911 డిసెంబరు 2న తొలి దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వెలువడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా రంగానికి సాక్చి పట్టాలు ఓడలెక్కాయి. అందుకు కృతజ్ఞతగా 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ స్వయంగా వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలిమాటి టాటానగర్ అయింది.

ఆ దారికి ఇరువైపులా ఉన్న సంతాలులు, హో జాతివారు తట్టలతో ఖనిజం మోశారు. వారి పల్లెల మీదుగా ఖనిజం బండ్లు నిత్యం పరుగెత్తాయి. ప్రయాణికుల రైళ్ళు అరకొరగానే నడిచాయి. ఆ సీమలోని రాయ్‌రంగ్‌పూర్ రాష్ట్రపతి ద్రౌపది ముర్ము స్వస్థలం. 2023 నవంబరులో ఆమె స్వయంగా బాదంపహాడ్ వెళ్ళి కలకత్తా షాలిమార్‌కు, రూర్కెలాకు కొత్త రైళ్ళకు పచ్చజెండా ఊపారు. గని వాసులకు నగరం వెళ్ళే రైలు కావడానికి ఆ ఊరి ఆడపడుచు రాష్ట్రపతి భవనం చేరేదాకా ఆగవలసి వచ్చింది.

చదువూ, సందేహమూ

బోస్‌ను గనుల మనిషిగా మాత్రమే తలచుకోవడం న్యాయం కాదు. 1886లోనే బెంగాల్‌లో సాంకేతిక విద్య ఆవశ్యకతను గురించి ఆయన ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. 1891లో కలకత్తాలో పారిశ్రామిక సమావేశం జరిపించారు. బెంగాల్ విభజన వ్యతిరేకోద్యమం ఉప్పొంగిన వేళ, 1906 జూలై 25న కలకత్తాలో బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ నెలకొన్నప్పుడు దానికి ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఆ సంస్థ 1924లో జాదవ్‌పూర్‌కు తరలి, పెరిగి పెద్దదై, 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైంది. గనులు చూపించిన చేతితోనే ఆ గనులను నడపగల యువకులను తయారు చేసే బడికి తలుపు తెరిచారు. పరాయి నిపుణుల మీద ఆధారపడిన స్వదేశీ పరిశ్రమ సగం స్వదేశీయే అన్న ఎరుక ఆయనకు ఉన్నది.

ఇంతకన్న ఆశ్చర్యకరమైనది ఆయన వార్ధక్యం. కొలిములు వెలిగి, పొగ గొట్టాలు లేచిన తరువాత బోస్ మనస్సు మరో దారి పట్టింది. 1913లోనూ, 1916లోనూ వెలువరించిన నాగరికతా విమర్శలలో ఆయన పాశ్చాత్య పారిశ్రామిక జీవితాన్నే నిలదీశారు. యంత్రం తెచ్చే సంపద కొద్దిమంది చేతులలో పోగుపడి, పల్లెను ఎండగడుతుందన్న భయం ఆయనకు కలిగింది. దీనిని కొందరు చపలచిత్తమన్నారు. నాకు అలా తోచదు. దారి చూపినవాడే ఆ దారి ఎక్కడికి పోతున్నదని ప్రశ్నించడం చాపల్యం కాబోదు. చివరి సంవత్సరాలు రాంచీలో గడిపి 1934లో ఆయన కన్ను మూశారు. ప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు మధు బోస్ ఆయన కుమారుడే.

మన పటం మీద అదే ప్రశ్న

ఇక బైలదిల్లా మాట. బోస్ నమోదు చేసిన ఆ బస్తర్ ఇనుము ఆరు దశాబ్దాలకు పైగా కదలలేదు. కదిలినప్పుడు దారి కొలిమి వైపు కాక రేవు వైపు సాగింది. జపానుకు ఖనిజం అమ్మే ఒప్పందం ప్రకారం 1960లలో కొత్తవలస - కిరండూల్ మార్గాన్ని తూర్పు కనుమలు తొలిచి నిర్మించారు. అరకు లోయ అందాలు చూడబోయే యాత్రికుడు ఎక్కేది ఆ ఖనిజపు దారి మీది రైలే. కొండల నడుమ సొరంగాలన్నీ జపాను కొలిముల కోసం తొలిచినవన్న సంగతి అతనికి తట్టదు. ఖనిజం మన ముంగిట నుండి ఓడ ఎక్కుతుంటే, మనకు కర్మాగారం ఎందుకు లేదన్న ప్రశ్న 1966లో విశాఖ ఉక్కు ఉద్యమంగా రగిలింది. ప్రాణాలు బలి అయ్యాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

అంత జరిగినా విశాఖకు సొంత ఇనుప గనులు దక్కలేదు. టాటాలకు గోరుమహిసానితో కుదిరిన బంధం విశాఖకు బైలదిల్లాతో కుదరలేదు. ఖనిజాన్ని బజారు ధరకు కొనుక్కోవడమే గతి అయింది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటాల విక్రయానికి సూత్రప్రాయంగా అంగీకరించడం, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయం ప్రకటించడం పాఠకులకు గుర్తున్న విషయాలే. పార్లమెంటు పత్రికా విలేఖరుల గ్యాలరీలో కూర్చుని ఈ చర్చలను ఏళ్ళ తరబడి విన్నాను. నష్టాల అంకెలు చదివేవారు అనేకులు. గనుల కేటాయింపు ఊసెత్తేవారు మన ప్రాంత సభ్యులే. సమాధానాలు మాత్రం ఎప్పుడూ నష్టాల దగ్గరే ఆగిపోయేవి.

బయ్యారం కథ కూడా దీనికి అనుబంధమే. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలోనూ, కడప జిల్లాలోనూ ఉక్కు కర్మాగారాల సాధ్యాసాధ్యాలను ఆరు నెలలలో పరిశీలించాలని రాశారు. బయ్యారం ఖనిజం నాసిరకమని కేంద్రం చెబుతూ వచ్చింది. అయితే బైలదిల్లా ఖనిజాన్ని అక్కడికి తరలించవచ్చునని తెలంగాణ నాయకులు వాదించారు. ఈ వాదానికి బోస్ లెక్క వర్తింపజేస్తే అనుకూలమూ కనిపిస్తుంది, ప్రతికూలమూ కనిపిస్తుంది. ఖనిజానికి దూరం ఎక్కువ కాదు. సింగరేణి బొగ్గు మాత్రం ఊదుడు కొలిమికి కావలసిన కోకు చేయడానికి పనికిరాదు. విశాఖ కూడా ఆ బొగ్గును సముద్రాల అవతలి నుండి తెచ్చుకుంటున్నదే. కనుక కేవలం ఆవేశంతో తేలే వ్యవహారం కాదు. అలాగని ఒక్క మాటతో కొట్టివేయదగినదీ కాదు.

అందువల్లనే మల్కనగిరి - పాండురంగాపురం మార్గాన్ని కేవలం యాత్రికుల రైలుగా చూడరాదని నా మనవి. బస్తర్ పొరుగున ఉన్న సీమ నుండి గోదావరి తీరానికి రాబోయే దారి అది. దాని మీద ఏ సరకు నడుస్తుంది, ఏ దిక్కుకు నడుస్తుంది, దాని చివర కొలిమి ఉంటుందా, రేవు ఉంటుందా, నడుమ ఉన్న కోయ పల్లెలకు ఎన్ని బండ్లు ఆగుతాయి అన్నవి పట్టాలు పరిచిన తరువాత అడిగితే ఫలితం ఉండదు. గోరుమహిసాని దారి 1904లో ఒక ఉత్తరంతో నిశ్చయమైంది. కిరండూల్ దారి 1960లో ఒక ఎగుమతి ఒప్పందంతో నిశ్చయమైంది. భద్రాచలం దారి ఇంకా కాగితం మీద ఉన్న ఈ రోజులలోనే ఉభయ రాష్ట్రాల సభ్యులు ఈ నాలుగు ప్రశ్నలనూ రైల్వే, ఉక్కు మంత్రిత్వ శాఖల ముందు పెట్టి, లిఖితపూర్వకంగా జవాబు రాబట్టవలసి ఉన్నది.